శ్రీకాకుళం నుంచి అంగ్‌కోర్ వాట్‌కి సొంతంగా వెళ్లి రావడం ఎలా?

"ప్యాకేజీ టూర్ లేకుండా అంగ్‌కోర్ వాట్ వెళ్లొచ్చా?" "మాకు ఇంగ్లీషు అంతంతమాత్రం, నెట్టుకురాగలమా?" "అమ్మానాన్నల్ని కూడా తీసుకెళ్లొచ్చా?" శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఈ మూడు ప్రశ్నలే మళ్లీ మళ్లీ వస్తున్నాయి. మూడింటికీ జవాబు ఒకటే: వెళ్లొచ్చు. ఎలాగో వరసగా చెప్తాను.

మన జిల్లాల్లో పాస్‌పోర్ట్ కొత్త విషయం కాదు. ఉద్దానంలో పని కోసం దేశం దాటినవాళ్లు ఊరూరా కనిపిస్తారు. కేవలం చూడ్డానికని విదేశం వెళ్లడమే ఇంకా మనది కాని పనిలా అనిపిస్తుంది. కానీ అంగ్‌కోర్ వాట్ గుడి ఉన్న కంబోడియా దూరాభారం కాదు, వీసా కష్టం కాదు. ఈ ప్రయాణం చెడిందంటే చాలాసార్లు కారణం మన ఇంటి దగ్గరే ఉంటుంది: కాగితంలో ఒక అక్షరం తేడా, రెండు విమానాల మధ్య చాలని టైము, ఒక్కరోజులో అన్నీ చూసేద్దామన్న తొందర. అందుకే ఇందులో సగం భాగం బయల్దేరకముందు చేయాల్సిన పనులే.

కావలసినవి

- తిరిగి వచ్చే తేదీ దాటాక కూడా కనీసం 6 నెలలు గడువున్న పాస్‌పోర్ట్ (చంటిపిల్లలకైనా విడిగా ఉండాల్సిందే)
- తెల్లటి బ్యాక్‌గ్రౌండ్‌తో కొత్తగా తీసిన ఫొటో, ఫోన్‌లో
- మీ సొంత ఈమెయిల్
- విదేశీ వాడకం ఆన్ చేసిన కార్డు, కొంత డాలర్ల నగదు
- రానూపోనూ టికెట్, హోటల్ బుకింగ్, వీసా: ఒక్కోటి రెండు ప్రింట్లు
- ప్రయాణ బీమా
- భుజాలు, మోకాళ్లు కప్పే పలచటి నూలు బట్టలు, మెట్లెక్కడానికి పట్టున్న చెప్పులు లేదా బూట్లు
- రాకపోకలు కాక గుళ్లకే పూర్తిగా మూడు రోజులు

1. ముందు నెల ఎంచుకోండి

కంబోడియాలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వానలుండవు, ఎండ భరించగలిగేలా ఉంటుంది. మార్చి నుంచి మే దాకా మండిపోతుంది. మే చివర్నుంచి అక్టోబరు దాకా వానాకాలం.

ఇక్కడిదాకా ఎవరైనా చెప్తారు. మనకు దీనికి తోడు ఇంకో లెక్క ఉంది. అక్టోబరు, నవంబరు అంటే మన తీరానికి తుపానుల కాలం. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌కి విశాఖ విమానాశ్రయమే దెబ్బతింది. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. 2021 సెప్టెంబరులో గులాబ్ కళింగపట్నం దగ్గర దాటింది. అలాంటప్పుడు రైళ్లు రద్దవుతాయి, రోడ్ల మీద చెట్లు పడతాయి, ఫోన్ పనిచేయదు. అక్కడ ఎంత మంచి వాతావరణం ఉన్నా మీరు ఊరు కదల్లేరు.

నన్నడిగితే సంక్రాంతి ముగిసిన తర్వాత, జనవరి చివరి వారం లేదా ఫిబ్రవరి మొదటి వారం అన్నింటికన్నా మంచిది. పండగ రద్దీ తగ్గుతుంది, టికెట్ ధరలు కాస్త దిగుతాయి, అక్కడ పొద్దున పూట చల్లగా ఉంటుంది. బడి పిల్లలున్నవాళ్లకు దసరా సెలవులే కుదిరితే వెళ్లండి, కానీ విమానం రోజుకి ముందు ఒక రోజు ఖాళీ ఉంచుకుని విశాఖ చేరిపోండి. వేసవి సెలవుల్లో మాత్రం పెద్దవాళ్లను తీసుకెళ్లకండి. రాళ్ల మీద ఆ వేడి తట్టుకోవడం చాలా కష్టం. ఏప్రిల్ మధ్యలో వాళ్ల కొత్త సంవత్సరం కూడా వస్తుంది, జనం విపరీతంగా ఉంటారు.

2. పాస్‌పోర్ట్‌లో పేరు సరిచూసుకోండి

తెలుగువాళ్లకు ఎక్కువ తలనొప్పి తెచ్చేది ఇంటిపేరు. టెన్త్ మార్కుల మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం ఒక్కటే ఉంటుంది, పాన్‌లో వరస తిరగబడి ఉంటుంది. కొత్తగా అప్లై చేస్తుంటే ముందు ఆధార్‌ను మార్కుల మెమోకి సరిపోయేలా మార్పించుకుని, ఆ తర్వాతే పాస్‌పోర్ట్ ఫారం మొదలుపెట్టండి. ఇంటిపేరు గడి ఖాళీగా వదలకండి. పాస్‌పోర్ట్‌లో ఆ గడి ఇప్పటికే ఖాళీగా ఉంటే విమాన టికెట్ కొనేముందు ఎయిర్‌లైన్స్‌కి ఫోన్ చేసి, పేరు ఎలా ఎక్కించాలో అడిగి, వాళ్లు చెప్పినట్టే ఎక్కించండి.

36 పేజీల పాస్‌పోర్ట్‌కి మామూలు ఫీజు 1,500 రూపాయలు. తత్కాల్ అయితే పైన ఇంకో 2,000. ఫీజు ప్రభుత్వ సైట్‌లోనే కట్టండి, చిరునామా చివర "గవ్ డాట్ ఇన్" అని ఉందో లేదో చూసుకోండి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు జనన ధ్రువీకరణ పత్రం తప్పనిసరి.

ఒక హెచ్చరిక. మనలో చాలామంది ఫారం నింపే పని నెట్ సెంటర్‌కి అప్పగిస్తారు. అప్పగించండి, తప్పేం లేదు. కానీ అక్కడి కుర్రాడు తొందరలో సెంటర్ ఈమెయిల్, సెంటర్ ఫోన్ నంబరు పెట్టేస్తే తర్వాత ఓటీపీలూ, అపాయింట్‌మెంట్ మార్పులూ అన్నీ అక్కడికే పోతాయి. పక్కన కూర్చుని మీ నంబరే పెట్టించండి, పాస్‌వర్డ్ రాసుకోండి.

సరిచూడండి: పాస్‌పోర్ట్ చేతికి రాగానే పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు అక్షరం అక్షరం చదవండి. తప్పుంటే అప్పుడే సరిచేయించండి, వీసా వచ్చాక కాదు.

3. దారి ఎంచుకోండి

మీరు చేరాల్సిన ఊరు సియెమ్ రీప్. గుళ్లు దాని పక్కనే ఉన్నాయి. అక్కడ 2023 అక్టోబరులో కొత్త విమానాశ్రయం తెరిచి పాతది మూసేశారు. కొత్తదాని కోడ్ ఎస్‌ఏఐ. ఊరికి 40 కిలోమీటర్ల పైనే దూరం, కారులోనో షటిల్ బస్సులోనో దాదాపు గంట పడుతుంది. "ఎయిర్‌పోర్ట్ నుంచి హోటల్‌కి పది నిమిషాలే" అని రాసిన పాత సమాచారం నమ్మి ప్లాన్ వేసుకోకండి.

మన వైపు నుంచి దారులు ఇవి.

విశాఖ నుంచి సింగపూర్‌కి విమానం చాలా ఏళ్లుగా నడుస్తోంది. బ్యాంకాక్, కౌలాలంపూర్ విమానాలు 2024లో మళ్లీ మొదలయ్యాయి. ఇలాంటివి సీజన్‌ని బట్టి వస్తూ పోతూ ఉంటాయి కాబట్టి మీరు వెళ్లే నెలకు ఉన్నాయో లేదో చూసుకోవాలి. సింగపూర్ నుంచి గానీ బ్యాంకాక్ నుంచి గానీ సియెమ్ రీప్‌కి ఇంకో విమానం ఎక్కాలి. విశాఖ కుదరకపోతే కోల్‌కతా చూడండి. ఇచ్ఛాపురం, పలాస, సోంపేట వాళ్లకు రాత్రి రైలెక్కితే హౌరా చేరడం తేలిక, పైగా అక్కడి నుంచి తూర్పు దేశాలకు విమానాలు ఎక్కువ. హైదరాబాద్, చెన్నై మూడో మాట.

ఇక భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరుతో కొత్త విమానాశ్రయం వస్తోంది. శ్రీకాకుళం వాళ్లకు విశాఖ దారిలో దాదాపు సగం దూరమే. మీ టికెట్ మీద ఏ విమానాశ్రయం రాసుందో తప్పకుండా చదవండి, అలవాటు కొద్దీ పాత దానికి వెళ్లిపోకండి.

రెండు విమానాలు మారేటప్పుడు ఈ మూడూ గుర్తుంచుకోండి:

- రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండేలా కొనండి. అప్పుడు లగేజీ నేరుగా చివరి ఊరికి వెళ్తుంది, మొదటిది ఆలస్యమైతే రెండోదానికి బాధ్యత వాళ్లది.
- చవకని విడివిడిగా కొంటే మధ్యలో లగేజీ తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాలి. అంటే ఆ దేశంలోకి అడుగు పెట్టాలి. సింగపూర్‌లో దానికి మనకు వీసా కావాలి. థాయ్‌లాండ్ నియమాలు అప్పుడప్పుడూ మారుతుంటాయి, కొనే రోజునే చూసుకోండి.
- బ్యాంకాక్‌కి రెండు విమానాశ్రయాలున్నాయి: సువర్ణభూమి, డాన్ మువాంగ్. ఒకదాంట్లో దిగి రెండోదాంట్లో ఎక్కాల్సి వస్తే మధ్యలో బ్యాంకాక్ ట్రాఫిక్ ఉంటుంది. మూడు గంటల తేడా చాలదు.

బ్యాంకాక్ దాకా విమానంలో వెళ్లి అక్కడి నుంచి బస్సులో సరిహద్దు దాటమని కొందరు సలహా ఇస్తుంటారు. 2025 జూలైలో ఆ రెండు దేశాల సరిహద్దులో కాల్పులు జరిగాయి, భూమార్గాలు మూసేశారు. కుటుంబంతో వెళ్లేవాళ్లు ఆ ఆలోచన పూర్తిగా మానుకోండి. విమానంలోనే వెళ్లండి. బుక్ చేసేముందు మన విదేశాంగ శాఖ ప్రయాణ సూచన కూడా ఒకసారి చదవండి. రాజధాని నామ్ పెన్‌కి టికెట్ చవకగా దొరికితే అక్కడ దిగి సియెమ్ రీప్‌కి బస్సులో వెళ్లొచ్చు. 300 కిలోమీటర్ల పైచిలుకు దూరం, దాదాపు ఆరు గంటల ప్రయాణం.

4. వీసా తీసుకోండి

పర్యాటకుల ఈ-వీసా ఇంట్లో కూర్చునే వస్తుంది. ఫీజు సుమారు 30 డాలర్లు, 30 రోజులు ఉండొచ్చు, ఒక్కసారే ప్రవేశం. వచ్చిన రోజు నుంచి 3 నెలల లోపు వాడుకోవాలి. మామూలుగా మూడు పనిరోజుల్లో వచ్చేస్తుంది. ప్రయాణానికి మూడు వారాల ముందు అప్లై చేస్తే టెన్షన్ ఉండదు.

గూగుల్‌లో వెతికితే పైన కనిపించేవి చాలావరకు ఏజెంట్ల సైట్లు. చూడ్డానికి ప్రభుత్వ సైట్‌లాగే ఉంటాయి, రెట్టింపు వసూలు చేస్తాయి. అసలు సైట్ చిరునామా చివర "గవ్ డాట్ కేహెచ్" అని ఉంటుంది. అది కనిపించకపోతే కార్డు నంబరు కొట్టకండి.

వీసా ఫైలు రాగానే పాస్‌పోర్ట్ పక్కన పెట్టుకుని ఇలా చదవండి. పాస్‌పోర్ట్ నంబరు మొదటి అక్షరం, తర్వాతి ఏడు అంకెలు ఒక్కొక్కటే పైకి చదివి రెండోవారితో సరిచూయించండి. సున్నాని ఇంగ్లీషు "ఓ" అక్షరంగా కొట్టడం అందరూ చేసే పొరపాటు. పుట్టిన తేదీలో నెల, రోజు తారుమారయ్యాయేమో చూడండి. స్త్రీ, పురుష గడి చూడండి. ఫొటోలు ఒకరివి ఒకరికి పడ్డాయేమో చూడండి, కుటుంబానికంతా ఒకేసారి అప్లై చేసినప్పుడు ఇది జరుగుతుంది. అన్నీ సరిగ్గా ఉంటే రెండు ప్రింట్లు తీయండి: ఒకటి లోపలికి వెళ్లేటప్పుడు, ఇంకోటి తిరిగొచ్చేటప్పుడు.

వీసా కాక ఈ-అరైవల్ కార్డు కూడా నింపాలి. విమానంలో వచ్చేవాళ్లకు 2024 సెప్టెంబరు నుంచి ఇది తప్పనిసరి. దిగే రోజుకి ముందు 7 రోజుల లోపు నింపాలి, ఫీజు లేదు. ఎవరైనా దీనికి డబ్బు అడిగితే అది అసలు సైట్ కాదు. చివర్లో వచ్చే క్యూఆర్ కోడ్‌ని స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. అక్కడికి వెళ్లాక తీసుకునే 'వీసా ఆన్ అరైవల్' కూడా ఉంది కానీ మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పను. వీసా చేతిలో ఉంటే ఇక్కడ విమానాశ్రయంలో ప్రశ్నలు తగ్గుతాయి.

5. ఉద్యోగం మాట వినిపిస్తే అక్కడే ఆగిపోండి

ఈ గైడ్‌లో ఇంకేది మర్చిపోయినా ఈ అడుగు మర్చిపోకండి.

2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసు మన ప్రాంతంలో అందరికీ తెలుసు. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి ఏజెంట్లు కుర్రాళ్లను పర్యాటక వీసా మీద కంబోడియా పంపారు. అక్కడ పాస్‌పోర్ట్‌లు లాక్కుని, గదుల్లో పెట్టి, సైబర్ మోసాలు చేయించారు. ఉత్తరాంధ్ర పిల్లలు చాలామంది అందులో చిక్కుకున్నారు.

కాబట్టి "టికెట్, వీసా మేమే చూస్తాం, గుళ్లు చూసి అటే ఉద్యోగంలో చేరిపో" అని ఎవరన్నా అంటే, అది బంధువైనా సరే, వెళ్లకండి. మీ తమ్ముణ్ణి పంపకండి. పర్యాటక వీసా మీద ఉద్యోగం ఉండదు. విదేశీ ఉద్యోగం నిజమా కాదా తెలుసుకోవాలంటే, పంపే ఏజెంటు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో రిజిస్టర్ అయ్యాడో లేదో చూడండి.

ఇదే కారణంగా ఒంటరిగా వెళ్లే కుర్రాళ్లను ఇమిగ్రేషన్‌లో గుచ్చి గుచ్చి అడగొచ్చు. కంగారు పడకండి, కోప్పడకండి, ఆ ప్రశ్నలు మన పిల్లల కోసమే. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్, ఇక్కడ చేస్తున్న పనికి రుజువు (ఐడీ కార్డో, సెలవు లెటరో, షాపు కాగితమో), మూడు రోజులు ఏం చూస్తారో రాసిన ఒక పేజీ ముందే తీసి పెట్టుకోండి. అడిగినదానికి సూటిగా తెలుగులో అయినా, వచ్చిన ఇంగ్లీషులో అయినా చెప్పండి.

6. డబ్బు, తిండి

అక్కడి కరెన్సీ రియెల్, సుమారు 4,000 రియెళ్లు ఒక డాలర్. కానీ డాలర్లు అన్ని చోట్లా నడుస్తాయి, చిల్లర రియెళ్లలో ఇస్తారు. మనకు చిత్రంగా అనిపించే విషయం ఏమిటంటే చిన్న చిరుగున్నా, గీత ఉన్నా డాలర్ నోటు తీసుకోరు. ఇక్కడ మార్చుకునేటప్పుడే ఒక్కో నోటూ వెలుతురుకి పెట్టి చూడండి, బాగాలేనిది వెనక్కివ్వండి. 1, 5, 10 నోట్లు ఎక్కువ అడగండి. బిల్లు తీసుకోండి. బ్యాంకు యాప్‌లో కార్డుకి విదేశీ వాడకం ఆన్ చేయడం ఇంట్లోనే చేయండి. సిమ్ మారాక ఓటీపీ రాక అవస్థ పడతారు.

అన్నం వాళ్లకీ ముఖ్యం, కాబట్టి ఆ బెంగ అక్కర్లేదు. చేపలు తినేవాళ్లు అమోక్ తప్పకుండా తినండి, కొబ్బరిపాలతో అరటాకులో ఆవిరిపై వండుతారు. శాకాహారులే జాగ్రత్తపడాలి: కూరగాయల వంటకంలో కూడా చేపల సాస్ పడుతుంది, ప్రాహోక్ అనే పులిసిన చేపముద్ద కూడా వేస్తారు. "మాంసం వద్దు" అంటే సరిపోదు, "చేపల సాస్ కూడా వద్దు" అని ఫోన్‌లో వాళ్ల ఖ్మేర్ భాషలోకి మార్చి చూపించండి. సియెమ్ రీప్‌లో ఇండియన్ హోటళ్లున్నాయి. పొద్దున్నే గుడికి బయల్దేరేటప్పుడు మాత్రం ఏదీ తెరిచి ఉండదు. వేయించిన పలాస జీడిపప్పు, అటుకులు, కందిపొడి పట్టుకెళ్లండి. ఆవకాయ సీసా చేతి సంచిలో పెడితే తీసేస్తారు, గట్టిగా ప్యాక్ చేసి పెద్ద లగేజీలో వేయండి.

7. వెళ్లేముందు శ్రీముఖలింగంలో ఒక పూట గడపండి

ఇది ఎవరూ చెప్పరు, నేను మాత్రం గట్టిగా చెప్తాను. వంశధార ఒడ్డున శ్రీముఖలింగం మనకు దగ్గరే. మధుకేశ్వరుడి గుడి ద్వారబంధాల మీది లతలు, గోడల్లోని దేవతలు, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు తీరిగ్గా చూడండి. దర్శనం చేసుకుని పది నిమిషాల్లో బయటపడే అలవాటుతో అంగ్‌కోర్ వెళ్తే అక్కడ కనిపించేవి రాళ్లే.

దీనికి ఇంకో కారణం కూడా ఉంది. అంగ్‌కోర్ వాట్‌ని విష్ణువు కోసం కట్టించిన రెండో సూర్యవర్మ 1113లో రాజయ్యాడు. అప్పుడు మన కళింగాన్ని ఏలుతున్నది తూర్పు గాంగ రాజు అనంతవర్మ చోడగంగ. ముఖలింగమే కళింగనగరమని, గాంగుల రాజధాని అని చరిత్రకారులు చెప్తారు. పూరీ జగన్నాథుడి గుడి మొదలుపెట్టింది ఆ చోడగంగే. సముద్రానికి ఆవల, ఈవల ఇద్దరు రాజులు ఒకే కాలంలో విష్ణువుకి అంతంత గుళ్లు తలపెట్టారు. అది తెలిసి వెళ్తే మీ పిల్లలకు చెప్పడానికి మీ దగ్గర ఒక కథ ఉంటుంది. విజయనగరం వాళ్లయితే రామతీర్థం కొండ మీది బౌద్ధ శిథిలాలు కూడా చూసి వెళ్లండి. అంగ్‌కోర్ వాట్ తర్వాతి కాలంలో బౌద్ధుల చేతికి వచ్చింది, ఇప్పటికీ అక్కడ బుద్ధుడికి పూజలు జరుగుతాయి.

8. పాస్ కొనండి

గుళ్లన్నింటికీ కలిపి ఒకటే పాస్: ఒక రోజుకి 37 డాలర్లు, మూడు రోజులకి 62, ఏడు రోజులకి 72. మూడు రోజుల పాస్ వరసగా వాడనక్కర్లేదు, పది రోజుల్లో ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఉచితం, కానీ వయసు రుజువుకి పాస్‌పోర్ట్ చూపించాలి. పాస్ మీద మీ ఫొటో ఉంటుంది, ఇంకొకరికి పనికిరాదు. గుళ్ల టికెట్లు అమ్మే సంస్థ అంగ్‌కోర్ ఎంటర్‌ప్రైజ్ కౌంటర్‌లో గానీ వాళ్ల అధికారిక సైట్‌లో గానీ మాత్రమే కొనండి. హోటల్ వాళ్లు, ఆటో వాళ్లు అమ్మేది తీసుకోకండి. కులెన్ కొండ, కో కేర్ గుడికి వేరే టికెట్లు.

సాయంత్రం 5 దాటాక కొన్న పాస్ మర్నాటి నుంచి లెక్కలోకి వస్తుంది, ఆ సాయంత్రం సూర్యాస్తమయం చూసే అవకాశం అదనంగా దక్కుతుంది.

9. మూడు రోజులు ఇలా తిరగండి

టుక్‌టుక్‌ని, అంటే అక్కడి ఆటోని, రోజంతటికీ మాట్లాడుకోండి. ఏ గుళ్లు, ఎన్నింటికి మొదలు, ఎంత అన్నది ముందే ఒప్పుకోండి. గ్రాబ్, పాస్‌యాప్ లాంటి యాప్‌లలో రేటు చూసుకుంటే బేరం తేలికవుతుంది.

మొదటి రోజు. పొద్దున్నే తా ప్రోమ్. గోడల్ని చుట్టుకుని పెరిగిన మహావృక్షాల గుడి అది, జయవర్మ కట్టించింది, ఏడో జయవర్మ. అక్కడ పునరుద్ధరణలో మన పురావస్తు శాఖ పనిచేసింది, బోర్డు కనిపిస్తుంది. తర్వాత అంగ్‌కోర్ థామ్ కోట లోపల బయోన్, రాతి గోపురాల నిండా పెద్ద పెద్ద ముఖాలు. మధ్యాహ్నం హోటల్‌కి పోయి పడుకోండి. మూడు గంటలకు అంగ్‌కోర్ వాట్ చేరండి. ఆ గుడి పడమటి ముఖం, కాబట్టి సాయంత్రపు ఎండ నేరుగా ముందువైపు పడుతుంది.

శిల్పాల వరండాలో మనవాళ్లు అలవాటుగా ప్రదక్షిణలా ఎడమకి తిరుగుతారు. ఇక్కడ కథ నడిచేది అపసవ్యంగా. పడమటి వాకిట్లోంచి లోపలికి రాగానే కుడికి తిరగండి. మొదట కురుక్షేత్రం: అంపశయ్య మీద భీష్ముణ్ణి వెతకండి. మూల తిరిగితే దక్షిణం వైపు సూర్యవర్మ ఊరేగింపు, తర్వాత యముడు, చిత్రగుప్తుడు, నరకంలో శిక్షలు. చుట్టూ తిరిగి చివరికి పడమటి గోడ ఉత్తర భాగానికి వస్తే లంకాయుద్ధం: హనుమంతుడి భుజాల మీద నిలబడి బాణం వేస్తున్న రాముడు, ఎదురుగా పదితలల రావణుడు. గైడ్ లేకపోయినా మీ అమ్మగారు ఒక్కొక్కరినీ గుర్తుపడతారు.

రెండో రోజు. తెల్లవారక ముందే, 5 గంటలకి అంగ్‌కోర్ వాట్. టార్చి పట్టుకెళ్లండి. లోపల ఎడమవైపు కొలను ముందు జనం మూగుతారు, నీళ్లలో గోపురాల నీడ అక్కడే బాగా పడుతుంది. అరసవల్లిలో మార్చి, అక్టోబరు నెలల్లో స్వామి పాదాలను కిరణాలు తాకే రోజులకోసం మనం ఎదురుచూస్తాం కదా. ఇక్కడ మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతాల్లో పడమటి వాకిలి దారి మీద నిలబడితే సూర్యుడు సరిగ్గా నడిమి గోపురం కొసన పొడుస్తాడు.

సూర్యోదయం అవగానే అందరూ టిఫిన్లకు వెళ్లిపోతారు. మీరు వెళ్లకండి. తెచ్చుకున్న అటుకులు తిని నేరుగా తూర్పు వరండాకి నడవండి. అక్కడ క్షీరసాగర మథనం ఉంది, పొడవు 49 మీటర్లు. ఒకవైపు అసురులు, ఇంకోవైపు దేవతలు, మధ్యలో కూర్మం మీద మందర పర్వతం, దాని ముందు విష్ణువు. వాసుకి ఒళ్లు పట్టుకున్న ఒక్కో చేతినీ చూడండి. వెనక్కి వాలిన నడుములు, బిగిసిన పిక్కలు ఒకే తీరున వరసగా సాగిపోతాయి. కింద నీళ్లలో చేపలు, మొసళ్లు. మధ్యకి దగ్గరపడేకొద్దీ సుడికి చిక్కి ముక్కలైపోతుంటాయి. పైన అప్సరసలు. తోక చివర పట్టుకున్న వానరుణ్ణి పిల్లలు ముందు కనిపెడతారు. పొద్దుటి వెలుగు ఈ వైపే పడుతుంది, అరగంట కేటాయించండి.

తర్వాత పై అంతస్తు. మెట్లు బాగా నిటారుగా ఉంటాయి, భుజాలు, మోకాళ్లు కప్పుకోకపోతే పంపరు. చున్నీ కప్పుకుంటే చాలదంటారు, చేతులున్న జాకెట్టో చొక్కానో వేసుకోండి. నెలలో బౌద్ధుల పవిత్ర దినాల్లో పైభాగం మూసేస్తారు, ముందురోజే హోటల్‌లో అడగండి.

మూడో రోజు. బాంతే స్రే. ఊరి నుంచి గంట ప్రయాణం. 967లో శివుడి కోసం కట్టిన చిన్న గుడి, గులాబీ రంగు ఇసుకరాయి. గంధపు చెక్క మీద చెక్కినంత సన్నటి పని. తెరవగానే వెళ్తే ఎండకు ముందే చూసేయొచ్చు. తిరిగి వచ్చే దారిలో ప్రా ఖాన్, ఓపికుంటే నీక్ పీన్. సాయంత్రం ప్రే రూప్. కులెన్, కో కేర్ లాంటి దూరపు చోట్లకు వెళ్తే గుర్తు పెట్టిన దారి దిగకండి, యుద్ధకాలపు మందుపాతరల ముప్పు పూర్తిగా పోలేదు.

పెద్దవాళ్లతో వెళ్తే

మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు పై అంతస్తు వద్దు. కింది వరండాలోని రామాయణ, భారత శిల్పాలే వాళ్లకు సగం రోజు. బాంతే స్రే దాదాపు చదును నేల, వాళ్లకు అదే బాగా నచ్చుతుంది. బీపీ, షుగర్ మందులు రెండు చోట్ల విడిగా పెట్టండి, డాక్టరు చీటీ వెంట ఉంచండి. డెంగీ ఉన్న దేశం, దోమల క్రీము మర్చిపోవద్దు.

ఇంటి తాళం వేసేముందు

- పాస్‌పోర్ట్, టికెట్, వీసా మూడింటిలో పేరు ఒకేలా ఉందా?
- ఈ-అరైవల్ క్యూఆర్ కోడ్ ఫోన్‌లో, నెట్ లేకపోయినా తెరుచుకుంటోందా?
- కార్డు విదేశీ వాడకం ఆన్‌లో ఉందా?
- మధ్యలో దిగే ఊళ్లో ఏ విమానాశ్రయం, ఎన్ని గంటల తేడా?
- వీసా రెండో ప్రింటు విడి సంచిలో ఉందా?
- కాగితాలన్నింటి ఫొటోలు ఇంటి దగ్గర ఉన్న ఒకరికి వాట్సాప్ చేశారా?

శ్రీకాకుళం నుంచి విశాఖ విమానాశ్రయానికి సుమారు 110 కిలోమీటర్లు. దారికి మూడు గంటలు, అక్కడ చెక్-ఇన్‌కి మూడు గంటలు లెక్కేసుకుని బయల్దేరండి. తెల్లవారుజామున విమానమైతే ముందురోజు సాయంత్రమే వెళ్లి విశాఖలో పడుకోండి.